జారుడుబల్ల మేడం

నా మాటల్లో సగం తీసేసి చదవండి; మా ఇంట్లోవాళ్లు అలాగే వింటారు. నల్లగొండలో మా కాలనీ పార్కును చూసుకునే మేడం తాళాలగుత్తి మోగితే ఎక్కడో దూరాన చిట్యాలలో బస్సులు ఆగేవి. పొద్దున్నే గేటు తీసేముందు ఆమె కొంగు నడుముకు చుట్టి, పిల్లల జారుడుబల్ల మీద తానే ఒకసారి జర్రున జారేది. ఎక్కడైనా రేకు లేచిందేమో ఆమెకు అలా తెలిసేది.

ఒకరోజు మున్సిపాలిటీ పెద్దసారు పార్కు తనిఖీకి వచ్చాడు.

"గిది పాతదైంది, పిల్లలకు దెబ్బలు తగుల్తయి. రేపే పీకేయిండ్రి" అన్నాడు జారుడుబల్లను చూపిస్తూ.

చుట్టూ ఉన్న పిల్లల ముఖాలు వానల్లేని పత్తిచేలలా వాడిపోయాయి.

"దినాం నేనే జారుతున్న సార్, నాకేం కాలే. నమ్మకుంటే జర మీరే ఎక్కి సూడుండ్రి" అంది మేడం.

"నేనా? గింతమంది ముంగటనా?"

"ఫికర్ చెయ్యకుండ్రి సార్. పోరగాండ్లూ, అందరు కండ్లు మూస్కోండ్రి!"

పిల్లలు కళ్లు మూసుకుని, వేళ్ల సందుల్లోంచి చూశారు. సారు గంభీరంగా ఎక్కాడు, గంభీరంగా జారాడు, ప్యాంటు దులుపుకుని "ఉండనియ్యిండ్రి" అన్నాడు. బల్ల ఇప్పటికీ ఉంది.

మిగతావి నేను సాగదీసినవే కానీ, సారు గాంభీర్యం మాత్రం పూర్తిగా నా కల్పన. నిజానికి ఆయన "ఓయమ్మో" అని అరుస్తూ కిందికొచ్చి, మేడం చెయ్యి అందించేలోపే మళ్లీ నిచ్చెన దగ్గరికి ఉరికాడు.