గంగులమ్మ ఎంచిన యాప్

సబా అల్ సలేంలోని ఆ కువైటీ ఇంట్లో ఎవరు పిలిచినా పనిమనిషి గంగులమ్మ తడిచేతులు గౌనుకు తుడుచుకుంటూ వస్తుంది. ఆ ఇంటి కూతురు, పదమూడేళ్ల నూరా ఆమె చేతుల్లోనే పెరిగింది. ఆమెతో కడప తెలుగే మాట్లాడుతుంది. మొన్న మాల్‌లోని కృత్రిమ మంచువాలు మీద స్కీయింగ్ చేస్తూ ఆ పిల్ల అందరి ముందూ పడింది. “ఇంగ నేను పోను గంగమ్మా, ఖలాస్” అంటూనే, ఆట నేర్పే యాప్‌లు నాలుగు తెరిచి చూపించింది. గంగులమ్మకు చదువు రాదు. వీడియోలన్నీ ఓపిగ్గా చూసి ఒకదాని మీద వేలు పెట్టింది. “ఇది పెట్టుకో పాపా. తక్కినోళ్లు జారేదొకటే చూపిస్తాండారు. ఈయప్ప పడేది, లేసేది గూడా చూపిస్తాండాడు.”

శుక్రవారం మళ్లీ మాల్‌కు వెళ్లిన నూరా మళ్లీ పడింది. మంచువాలు అద్దానికి ఇవతలే ఉంది గంగులమ్మ. ఆ పిల్ల తొలి అడుగులు వేసేటప్పుడు చాచినట్టే, రెండు చేతులూ చాచి నిలబడింది.