చెప్పమని అడగని రోనిత్

కిందటి శుక్రవారం సాయంత్రం ఆద్యని స్కూల్ నుంచి తీసుకొస్తూ పాల కోసం సూపర్‌మార్కెట్ దగ్గర ఆగాను. బేకరీ వైపు తిరగ్గానే అప్పుడే పొయ్యిలోంచి తీసిన రొట్టెల వాసన తగిలింది. ఈస్టు పులుపు, కొంచెం తేనె, పైన చల్లిన నువ్వులు వేగిన కమ్మదనం. జడలా అల్లిన ఆ గుడ్డు రొట్టెలు శుక్రవారం రాత్రి యూదుల ఇళ్ళలో భోజనాల బల్ల మీద ఉంటాయి. హల్లా అంటారు. పాల సంగతి మర్చిపోయి అక్కడే నిలబడిపోయాను. జలుబు చేసినట్టు ఎప్పుడూ బొంగురుగా ఉండే రోనిత్ గొంతు చెవి పక్కనే వినిపించినట్టయింది. ఆవిడ గురించి రాయాలని రెండేళ్ళుగా అనుకుంటున్నాను. పగలు నాకు ఆలోచించడానికి తీరిక దొరకదు, భయపడడానికి మాత్రం ఎలాగో దొరుకుతుంది. ఇప్పుడు ఇంట్లో అందరూ నిద్రపోయారు కాబట్టి కూర్చున్నాను.

రోనిత్ ఇజ్రాయెల్ నుంచి వచ్చిన మనిషి. వేరే దేశాల్లో స్థిరపడిన యూదుల దగ్గరికి ఆ దేశం నుంచి రెండేళ్ళకో మూడేళ్ళకో కొందరిని పంపుతారు. అలా వచ్చిన ఆడవాళ్ళని హీబ్రూలో షలీహా అంటారు, పంపగా వచ్చిన మనిషి అని. అమెరికాలో పుట్టిన యూదు పిల్లలకి అక్కడి భాష, పాటలు, పండగలు పరిచయం చేయడం, అక్కడి బడి పిల్లలతో వీడియోలో స్నేహం కలపడం ఆవిడ పని. పార్సిప్పనీలో మా అపార్ట్‌మెంట్‌కి పావుగంట దూరంలో ఉన్న యూదుల కమ్యూనిటీ సెంటర్‌లో మూడేళ్ళు ఉంది. యాభై దగ్గర పడిన వయసు, పొట్టి మనిషి, జుట్టుని పెన్సిల్‌తో ముడి వేసుకునేది. ఆవిడ దేశం గురించి బయట జనం ఎన్నో రకాలుగా వాదించుకుంటారు. ఆ వాదనల్లో నాకు తెలిసింది తక్కువ. నాకు తెలిసిన రోనిత్ ఆ సెంటర్ వంటగదిలో మోచేతుల దాకా పిండి అంటుకున్న రోనిత్.

నేను అక్కడికి వెళ్ళింది ఆద్య కోసం. మూడేళ్ళు నిండినా దానికి పది మాటలు కూడా రాలేదు. వినికిడి పరీక్ష చేయించాం, బాగానే ఉంది. ఆ రోజుల్లో ఒక తెలుగు వాళ్ళ పాట్‌లక్‌లో, అందరూ తలో వంటా తెచ్చుకునే విందులో, రిటైరైన డాక్టర్ ఆంటీ ఒకావిడ నన్ను పక్కకి పిలిచింది. "రెండు లాంగ్వేజెస్‌తో పిల్ల కన్ఫ్యూజ్ అవుతోందమ్మా. ఇంట్లో ఇంగ్లీషే మాట్లాడండి. తెలుగు తర్వాత ఆటోమేటిక్‌గా వచ్చేస్తుంది," అంది. మంచి మనసుతోనే చెప్పింది. ఆ రాత్రి నుంచే మా ఇంట్లో తెలుగు ఆగిపోయింది. నేను ఇంగ్లీషులో ప్రెజెంటేషన్ ఇవ్వగలను గానీ, ఇంగ్లీషులో పిల్లని బుజ్జగించడం నాకు రాదు. దానితో నా మాటలు 'ఈట్', 'కమ్', 'కేర్‌ఫుల్' దగ్గర ఆగిపోయాయి. పైగా ఎవరు ఇంటికొచ్చినా, వీడియో కాల్‌లో ఎవరు కనిపించినా, "సే హాయ్ టు ఆంటీ. ఏదీ, చెప్పు. నిన్న చెప్పావు కదా, చెప్పు" అని దాన్ని ముందుకి తోసేదాన్ని. అది గౌను కాలర్ నోట్లో పెట్టుకుని నమిలేది. కొన్నాళ్ళకి దాని గౌన్ల కాలర్లన్నీ చిరుగులు పట్టాయి.

ఆ సెంటర్‌లోని ప్రీస్కూల్‌కి ఎవరి పిల్లలైనా వెళ్ళొచ్చు. ఆద్య క్లాసులో సగం మంది మనవాళ్ళు, చైనా వాళ్ళే. నేను ఉద్యోగం మానేసి ఇంట్లో ఉన్నాను. షలీహాకి సహాయంగా పార్ట్‌టైం మనిషి కావాలని అక్కడ నోటీసు చూసి, పిల్ల కంటికి కనిపిస్తూ ఉంటుందని అప్లై చేశాను. రోనిత్‌తో నా మాటలన్నీ ఇంగ్లీషులోనే సాగినా, నాకు గుర్తున్నవి మాత్రం తెలుగులోనే.

"పాడగలవా?" అని అడిగింది రోనిత్.

"రాదండీ."

"మంచిది. నాకూ రాదు. నువ్వు పాడితే నా గుట్టు బయటపడేది." తర్వాత కొంచెం ముందుకి వంగింది. "ఒక సంగతి ముందే చెప్తాను. మా దేశంలో కుర్రకారంతా కొన్నాళ్ళు సైన్యంలో చేయాలి. అక్కడి నుంచి బయటికి రాగానే అందరూ ఇండియా వెళ్ళొస్తారు. వెళ్ళని మనిషిని నేనొక్కదాన్నే. గోవా గురించి నన్నేం అడక్కు."

"నేనూ గోవా చూడలేదు," అన్నాను. అలా నాకు పని దొరికింది.

రోనిత్ పద్ధతి మొదట్లో నాకు అసలు నచ్చలేదు. పిల్లలతో హీబ్రూ తప్ప ఇంకో మాట మాట్లాడేది కాదు. చెప్పులు విప్పించడం దగ్గర్నుంచి ముక్కులు తుడవడం దాకా అన్నీ హీబ్రూలోనే. కానీ ఎవరినీ తిరిగి చెప్పమని అడిగేది కాదు. ఒకరోజు ఒక తండ్రి కొడుకుని దింపుతూ, "రోనిత్‌కి షలోమ్ చెప్పు, చెప్తేనే నేను వెళ్తాను," అని పట్టుపట్టాడు. ఆవిడ ఆయన చేతిలోంచి పిల్లాడి బ్యాగ్ అందుకుంది. "వినిపించడం నా ఉద్యోగం. చెప్పడం వాడి సొంత విషయం. మీరు ఆఫీసుకి వెళ్ళండి," అంది. ఇదేదో పని తప్పించుకునే ఎత్తు అనుకున్నాను. అడగకపోతే వచ్చిందో లేదో తెలిసేదెలా? నేనైతే రోజూ రాత్రి ఆద్యకి పరీక్ష పెడుతూనే ఉన్నాను.

నేను చేరిన రెండో నెలలో ఒక శుక్రవారం పెద్ద తప్పు చేశాను. ఆ సాయంత్రం సెంటర్‌లో అందరికీ కలిపి భోజనం. పొద్దున పిల్లలతో పిండి కలిపించి, పన్నెండు పెద్ద రొట్టెలు అల్లి పెట్టాం. రోనిత్ ఫోన్ వస్తే బయటికి వెళ్ళింది. ట్రేలకి రాయాల్సిన నూనె సీసాలో అడుగంటింది. నా లంచ్ బ్యాగ్‌లో చిన్న డబ్బాలో నెయ్యి ఉంది, ఇంట్లో కాచింది. నూనె కంటే నెయ్యి శ్రేష్ఠం కదా అనుకుని ట్రేలన్నిటికీ దట్టంగా రాసి రొట్టెలు పొయ్యిలో పెట్టేశాను. వాసనకి వంటగది మొత్తం మన పండగ ఇల్లయింది. రోనిత్ లోపలికి వస్తూనే గుమ్మంలో ఆగింది.

"ఏం రాశావు?"

"నెయ్యి. స్వచ్ఛమైనది."

ఆవిడ ఒక నిమిషం కళ్ళు మూసుకుంది. వాళ్ళ నియమంలో మాంసం, పాలు కలవకూడదు. ఆ రాత్రి భోజనంలో కోడి సూప్ ఉంది, కాబట్టి రొట్టెలో పాల నుంచి తీసిన నెయ్యి చుక్క కూడా ఉండకూడదు. అసలు బయటి ఇంట్లో వండింది ఏదైనా ఆ వంటగదిలోకి రాకూడదు. వంటగదిలో పాల గిన్నెలకీ మాంసం గిన్నెలకీ వేరు వేరు రంగుల చీటీలుండేవి. అవి నేను రోజూ చూసేదాన్నే. కానీ మాంసం ముట్టని ఇంట్లో పుట్టిన నాకు, నెయ్యి వల్ల ఒక వస్తువు చెడుతుందనే ఊహ కలలో కూడా రాదు.

వంటగది నియమాలు చూసే పెద్దాయన వచ్చినప్పుడు నేను తలుపు వెనక నిలబడి విన్నాను. "ఆ అమ్మాయికి నేను చెప్పలేదు. చెప్పాల్సింది నేను. తప్పు నాది," అంది రోనిత్. ఇంకొక్క మాట కలపలేదు. పక్క ఊరి బేకరీకి ఫోన్ చేసి వేరే రొట్టెలు తెప్పించింది. నెయ్యి తగిలిన ట్రేలు శుద్ధి చేయించడానికి ఆయన చేతికిచ్చేసింది.

నేను వెనక మెట్ల మీద కూర్చుని మా అమ్మకి ఫోన్ చేశాను. ఇండియాలో అప్పుడు రాత్రి పది. "అమ్మా, నెయ్యి రాశానమ్మా, మన నెయ్యే. పన్నెండు రొట్టెలూ పనికిరాకుండా పోయినై. నన్ను ఉద్యోగంలోంచి తీసేస్తారేమో, ఆద్యని కూడా పంపించేస్తారేమో," అని ఏడ్చాను.

"నెయ్యి రాస్తే పనికిరాకపోవడమేంటే? వాళ్ళకేమన్నా పిచ్చా?"

"పిచ్చి కాదమ్మా. మన మడి లాంటిది."

"నెయ్యి పనికిరాని మడి ఏం మడే, నేనెక్కడా వినలా."

ఏడుస్తూనే నవ్వొచ్చింది. ఫోన్ పెట్టి తిరిగి చూస్తే రోనిత్ వెనకే ఉంది. చేతిలో నేను పాడుచేసిన రొట్టె. పక్కన కూర్చుని ఒక పాయ తుంచి నోట్లో వేసుకుంది. "మా ఇంట్లో నేనంత నియమాలు పాటించను. ఇంత మంచి రొట్టె పారేస్తే అదీ తప్పే," అంది. తింటూనే నా వైపు తిరిగింది. "నీకు రెండు గొంతులున్నాయని నాకు తెలీదు."

అర్థం కాలేదన్నాను.

"ఇప్పుడు ఫోన్‌లో మాట్లాడావే, అది ఒకటి. చేతులూపావు, ఏడ్చావు, నవ్వావు. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు గానీ అలా వింటూ నిలబడిపోయాను. నీ కూతురితో మాట్లాడేది రెండోది. విమానంలో సీటు బెల్టు పెట్టుకోమని చెప్పే అమ్మాయిలా ఉంటావు."

డాక్టర్ ఆంటీ సలహా గురించి చెప్పాను. భయంగా ఉందని చెప్పాను. ఇది ఎప్పటికీ మాట్లాడదేమోనన్న మాట, మా ఆయనకి కూడా అనని మాట, పైకి అనేశాను. రోనిత్ ఓదార్చలేదు. తన తల్లి సంగతి చెప్పింది. ఆవిడ చిన్నపిల్లగా బాగ్దాద్ నుంచి ఇజ్రాయెల్ వచ్చిందట. అక్కడి యూదులు ఇంట్లో అరబ్బీయే మాట్లాడేవాళ్ళు. రోనిత్ పుట్టాక, ఆ భాష మాట్లాడితే పిల్ల బడిలో వెనకబడుతుందని ఎవరో పెద్దవాళ్ళు చెబితే, పిల్లతో ఇక ఒక్క మాట కూడా అరబ్బీలో మాట్లాడలేదు. ఇప్పుడు ముసలితనంలో మతిమరుపు వచ్చి హీబ్రూ అంతా పోయింది. మిగిలింది ఆ చిన్నప్పటి భాషే.

"పోయిన వేసవిలో చూడడానికి వెళ్ళాను. మూడు రోజులు ఒకటే మాట అడిగింది. నీళ్ళిచ్చాను, మందిచ్చాను, దుప్పటి తీశాను, గాలి కావాలేమోనని ఓరగా ఉన్న కిటికీని బార్లా తెరిచాను. నాలుగో రోజు అరబ్బీ తెలిసిన నర్సు వచ్చింది. కిటికీ వెయ్యమని అడుగుతోందట." రోనిత్ ఇంకో పాయ తుంచింది, కానీ తినలేదు. "నేను దేశదేశాలు తిరిగి పరాయి పిల్లలకి భాష నేర్పే మనిషిని. మా అమ్మకి మూడు రోజులు చలేసింది."

ఇంటికెళ్ళాక కూరలు ముందేసుకుని ఆద్య పక్కన కూర్చున్నాను. చేతిలో ఉన్న వంకాయ గురించి తెలుగులో మొదలుపెట్టాను. "ఇది పుచ్చింది చూడు, లోపల ఎవరో కాపురం పెట్టారు." అది కాలర్ నోట్లోంచి తీసి వంకాయ వంక చూసింది. మా ఆయన "రిస్కేమో" అన్నాడు. ఆయన భయమూ న్యాయమే కాబట్టి స్పీచ్ థెరపిస్ట్‌ని అడిగాం. రెండు భాషల వల్ల మాట ఆలస్యం కాదని, మీకు హాయిగా వచ్చే భాషలోనే మాట్లాడమని ఆవిడ చెప్పింది. అప్పటి నుంచి స్నానం చేయిస్తూ, సాక్సులు వెతుకుతూ, పప్పు కడుగుతూ మాట్లాడుతూనే ఉన్నాను. అడగడం మానేశాను. అది చాలా కష్టమైంది. నాలుగు నెలలు ఏమీ జరగలేదు. ఒక్కోరోజు బాత్రూంలోకెళ్ళి తలుపేసుకుని, తప్పు చేస్తున్నానేమో అని ఫోన్‌లో వెతుక్కునేదాన్ని.

ఒక శుక్రవారం పిల్లలందరూ బల్ల చుట్టూ పిండి పిసుకుతున్నారు. ఆద్య చేతులు రెండూ పిండికి అతుక్కుపోయాయి. అది తలెత్తి రోనిత్‌తో, "ఇంకా పిండి కావాలి. అంటుకుంటోంది," అంది. తెలుగులో, స్పష్టంగా, ఎన్నాళ్ళుగానో మాట్లాడుతున్నదానిలా. రోనిత్ హీబ్రూలో ఏదో జవాబిచ్చి గుప్పెడు పొడి పిండి దాని ముందు పోసింది. "చాలు," అంది ఆద్య. రోనిత్ మళ్ళీ హీబ్రూలో ఏదో అంది. ఇద్దరూ ఎవరి భాషలో వాళ్ళు పనివాళ్ళలా మాట్లాడుకుంటున్నారు. నా చెయ్యి దానంతటదే ఫోన్ తీసింది. వీడియో తీయాలి, మా ఆయనకి పంపాలి, అమ్మకి చూపించాలి, ఇంకోసారి అనిపించాలి. రోనిత్ ఆద్య వైపే చూస్తూ, పిండి చేతిని నా ఫోన్ మీద పెట్టి కిందకి దించింది. "ఇప్పుడొద్దు. ఇది నీ కోసం కాదు," అంది మెల్లగా. నేను వెళ్ళి సింక్‌లో కొళాయి తిప్పుకుని, గిన్నెలు కడుగుతున్నట్టు నిలబడి ఏడ్చాను.

మూడేళ్ళ గడువు అయిపోయి రోనిత్ వెళ్ళిపోయిన రోజు మేం వీడ్కోలు చెప్పడానికి వెళ్ళాం. అప్పటికి ఆద్య ఇంట్లో వాగుడుకాయ. అక్కడ మాత్రం అంతమందిలో బిగుసుకుపోయి నా వెనక దాక్కుంది. రోనిత్ నా మొహం చూసి నవ్వింది. "నీ నోట్లో ఉన్న మాట నాకు కనిపిస్తోంది, సింధూ. మింగెయ్." మింగేశాను. ఆద్య నోటి నుంచి బై కూడా వినకుండానే ఆవిడ వెళ్ళింది. ఆవిడకి అది లోటనిపించలేదు. వాళ్ళ అమ్మ ఉన్న ఊళ్ళోనే ఇల్లు తీసుకుంది. అరబ్బీ నేర్చుకుంటున్నానని, నలభై మాటలొచ్చాయని ఆ మధ్య మెసేజ్ పెట్టింది.

నా భయం పోయిందని రాస్తే అబద్ధమవుతుంది. ఈ సోమవారమే ఫస్ట్ గ్రేడ్ టీచర్ పిలిచి, ఆద్య క్లాసులో చెయ్యెత్తదని, ఏం అడిగినా తలూపి ఊరుకుంటుందని చెప్పింది. కారెక్కాక, ఎందుకు మాట్లాడవు, రేపు టీచర్‌కి ఏం చెప్తావో నాకు చెప్పు అనే మాటలన్నీ నాలుక చివరి దాకా వచ్చాయి. వాటి బదులు మా నాన్న కథ ఎత్తుకున్నాను. ఆయన పెట్రోల్ బంక్‌లో పెట్రోల్ పోయించుకుని, అమ్మ వెనక ఎక్కిందనుకుని, దారంతా ఆమెతో కబుర్లు చెబుతూ స్కూటర్ మీద ఇంటికొచ్చేశాడు. గుమ్మం ముందు ఆపి, "దిగు" అన్నాడు. వెనక ఎవరూ లేరు. మా కారు వెనక సీట్లోంచి ఆద్య ఊ కొట్టిన చప్పుడు కూడా రాలేదు. రెండు సిగ్నళ్ళు దాటాయి. నేను అద్దంలో చూడలేదు. అమ్మ బంక్‌లో కూర్చుని పక్కనున్న ఆవిడతో స్నేహం కలుపుకుని ఆమె ఇంట్లో కాఫీ తాగడం దాకా చెప్పుకుంటూ పోయాను. కథ అయిపోయింది. ఇంకో సిగ్నల్ దగ్గర ఆగాం.

"అమ్మా," అంది ఆద్య, అమెరికా యాసలో. "తాతయ్య మాట్లాడుతూ వచ్చాడు కదా. అది మళ్ళీ చెప్పు."

లైట్ పచ్చగా మారింది. మొదటి నుంచి మొదలుపెట్టాను.