సవాల్ మాది

మా ఊర్ల వెట్టి లేదని పట్నం సభల మంత్రి చెప్పిన నాడు మా అత్త, శిస్తు లెక్కలు చూడ వచ్చిన గిర్దావరు మడత మంచం నెత్తిన పెట్టుకొని పక్క ఊరికి నడుస్తుండె. మంత్రి గట్ల చెప్పిన సంగతి మాకు పది రోజులకు తెలిసింది. తెలిసినప్పుడు మా అత్త నవ్వలే, ఏడ్వలే. "ఎవరిని అడిగి చెప్పిండంట?" అన్నది. అంతే.

మాది నాగర్‌కర్నూల్ తాలూకల, కొల్లాపూర్ పోయే తోవ మీది ఊరు. ఆ తోవ మీద ఉండుడే మా తప్పయింది. సోమశిలకు స్నానానికి పోయే సర్కారు నౌకర్లు, కృష్ణ ఒడ్డు ఊర్లకు దౌరా పోయేటోళ్లు, అందరు మా ఊరి మీదికెల్లే పోవాలె. ఎవరొచ్చినా చావిడి కాడ దిగుతరు. వాళ్లకు నీళ్లు, కట్టెలు, గుర్రానికి గడ్డి, వండుకోనీకె కోడి, అన్నీ మా వాడే తేవాలె. పోయేటప్పుడు వాళ్ల పెట్టెలు, పరుపులు, మంచాలు మా నెత్తి మీదికి ఎక్కుతయి. పక్క ఊరి పొలిమేర దాక మోసి, ఆడ ఆ ఊరి వెట్టోళ్లకు అప్పజెప్పి ఉత్త చేతులతోని తిరిగి రావాలె. కూలి ఉండదు. రాను అనే మాట ఉండదు. ఇంటికొకరు వంతు.

మా ఇంట్ల మగమనిషి లేడు. నా పెనిమిటి బొంబాయికి మట్టిపనికి పోయిండు, రెండు ఎండకాలాలైనా తిరిగి రాలే. అందుకని వంతు మా అత్తదో నాదో కావాలె. అత్త నన్ను పోనియ్యకుండె. "నీకు అచ్చరాలొచ్చు పిల్లా, నువ్వు ఇంటి కాడుండు. నా మెడకు అలవాటైపోయింది" అనేది. ఆ మెడ అప్పటికే ఒక పక్కకు వంగింది. తల తిప్పాలంటె నడుం దాక మొత్తం తిప్పేది.

నేను మిషన్ బడిల ఆరో తరగతి దాక చదివిన. తెలుగు చదువుడు, రాసుడు వచ్చు. ఉర్దూ రాదు. పొద్దుగాల మా వాడ ప్రార్థన గుడిసెల పిల్లలకు, ముగ్గురు నలుగురు ఆడోళ్లకు అచ్చరాలు నేర్పిస్తుంటి.

నాగర్‌కర్నూల్‌ల ఒక వకీలు సాబ్ ఉండె. పట్నంల కొత్తగ గూడిన సభల ఆయన మెంబరు. ఎవరిదో భూమి తగాదా చూడనీకె మా ఊరికొచ్చి, ఎండకు తాళలేక మా గుడిసె నీడకు వచ్చి నిలబడ్డడు. లోపల పలకలు పట్టుకున్న ఆడోళ్లను చూసి ఆశ్చర్యపోయిండు. మేం ముట్టిన కుండల నీళ్లు తాగనీకె వెనుకాడలే. అందుకే నాకు ధైర్యమొచ్చింది.

"సార్, సభల ఏం చేస్తరు మీరు?" అని అడిగిన.

"సవాల్ అడుగుతం. సర్కారు ఈ పని ఎందుకు చేసింది, ఆ పని ఎందుకు చెయ్యలే అని. మంత్రులు లేచి జవాబు చెప్పాలె."

"లేచి నిలబడి చెప్పాలెనా?"

"నిలబడే చెప్పాలె."

నా పక్కన కూసున్న ఆడోళ్లు ఒకరి మొఖం ఒకరు చూసుకున్నరు. మంత్రి అసొంటోడిని నిలబెట్టి అడగొచ్చని మాకు అప్పటిదాక తెల్వదు.

"అయితే మా వెట్టి సంగతి అడుగుండ్రి" అన్న.

ఆయన గొంతు సవరించుకున్నడు. "వెట్టి మనా చేసి చాన ఏండ్లాయె గదమ్మా. చేయించొద్దని ఫర్మానా గూడ ఉన్నది."

"ఫర్మానా పట్నంల ఉన్నదేమో సార్. మంచాలు మాత్రం ఈడున్నయి" అన్నది మా అత్త గడప కాడికెల్లి.

వకీలు సాబ్ ఆమె మెడ దిక్కు చూసిండు. నాతోని అన్నడు: "రాసియ్యి. కండ్లార చూసిందే రాయి, విన్నది రాయకు. ఎవరి సామాను, ఎవరు మోసిండ్రు, యాడి దాక మోసిండ్రు. ఒక్క అబద్ధం దొరికినా మొత్తం కొట్టేస్తరు."

ఇల్లిల్లు తిరిగి నాలుగు కాయిదాలు రాసిన. కానుపై ఎనిమిది రోజులు గూడ కాని మా పక్కింటామె పరుపు మోసి, తోవల నెత్తురు కారి చెట్టు కింద పడిపోయిన సంగతి రాస్తుంటె నేను కలం ఆపిన. ఆమె మాత్రం, "నా పేరు పెద్దగ రాయి" అన్నది. సిరా తక్కువుంటే కాటుక నూరి వేలిముద్రలు పెట్టినం. వకీలు సాబ్ దాన్నంత ఉర్దూలకు మార్చి సభల అడిగిండు. వచ్చిన జవాబే నేను ముందుగాల చెప్పింది: ఆ ఊర్ల వెట్టి లేదు, ఆడికెల్లి ఏ ఫిర్యాదూ రాలే.

అయితే వకీలు సాబ్ ఊకోలే. మా కాయిదాలు చేతుల పట్టుకొని, ఇవి ఫిర్యాదు కాకపోతె ఏందని మళ్ల అడిగిండంట. మంత్రి తహఖీఖాత్‌కు, అంటె నిజమేందో విచారించనీకె, ఒక అధికారిని పంపిస్తనన్నడంట.

ఆ అధికారి ఒకనాడు పొద్దున్నే రానే వచ్చిండు. ఊరికి మైలు దూరంల వాగు ఇసుకల ఆయన బండ్లు దిగబడ్డయి. ఊరి పోలీసు పటేలు మా వాడకు ఉరికొచ్చిండు.

"ఏయ్, ఎనిమిది మంది రాండ్రి. సాబ్ సామాను వాగుల ఉన్నది. జల్ది ఎత్తుకురావాలె."

"సాబ్ ఎందుకొస్తుండు?" అని అడిగింది అత్త.

"వెట్టి ఉన్నదా లేదా అని అడగనీకె."

పటేలుకు తను ఏమన్నడో తెల్వలే. ముందు పక్కింటామె నవ్వింది, ఆమెను చూసి ఇంకొకామె. పటేలు ఒర్రుకుంట కర్ర ఎత్తిండు. అత్త లేచి కొంగు నడుముకు చుట్టింది. "పోదాం పాండ్రి" అన్నది. ఆమె అంత సులువుగ లేస్తదని నేను అనుకోలే. నాకు కోపమొచ్చింది గూడ. ఎనిమిది మంది కాదు, ఇరవై మందిమి పోయినం.

వాగుల రెండు బండ్లు. మంచం, పరుపు చుట్ట, రెండు ఇనుప పెట్టెలు, వంట సామాను, కుర్చీ. అధికారి గొడుగు కింద నిలబడ్డడు. మేం పోయి ఆ సామాను చుట్టు నిలబడినం. చేతులు కట్టుకున్నం. అది ముందే అనుకున్నది కాదు. అత్త కట్టుకున్నది, మేం ఆమెను చూసి కట్టుకున్నం.

"ఎత్తుండ్రి" అన్నడు పటేలు.

ఎవ్వరు కదల్లే.

అధికారి ఉర్దూల ఏందో అడిగిండు. ఆయన వెంట వచ్చిన గుమాస్తా తెలుగుల చెప్పిండు: "ఎందుకు ఎత్తరు అని సాబ్ అడుగుతుండు."

అత్త నడుం దాక తిరిగి అధికారి దిక్కు మొఖం పెట్టింది. "మాది వెట్టి లేని ఊరు దొరా. పట్నంల మంత్రే చెప్పిండు. మేం ఎత్తితే ఆయన మాట అబద్ధమైతది గద."

గుమాస్తా ఆ మాట చెప్పనీకె భయపడ్డడు. అధికారి గద్దిచ్చినంక చెప్పిండు. అధికారి మొఖం గొడుగు నీడల సరిగ అవుపించలే గానీ, ఆయన బూటు ఇసుకల అటు ఇటు గీకుడు నేను చూసిన.

"కూలి ఇస్తమంటె ఎత్తుతరా?" అని గుమాస్తా అడిగిండు.

"ముందు ఇయ్యండ్రి. ఇచ్చినమని రాసియ్యండ్రి" అన్న నేను.

కూలి ఇచ్చి రాసిస్తె ఇన్నాళ్లు ఇయ్యలేదని ఒప్పుకున్నట్టయితది. ఇయ్యకుంటె సామాను వాగులనే ఉంటది. అధికారి చాన సేపు నిలబడ్డడు. ఎండ ఎక్కింది. ఆఖరుకు పటేలుకు ఒక మాట చెప్పిండు. పటేలు నమ్మలేనట్టు చూసిండు. ఆ తర్వాత పటేలూ, సాబ్ వెంట వచ్చిన ఇద్దరు జవాన్లూ, బండ్లోళ్లూ కలిసి సామాను ఎత్తుకున్నరు. మంచం పటేలు నెత్తికొచ్చింది. అలవాటు లేని నెత్తి, మంచం ఒక పక్కకు జారుతుండె. మా అత్త వెనుకకెల్లి, "చుట్ట బట్ట పెట్టుకోవాలె పటేలా, లేకుంటె నెత్తి ఒరుసుకపోతది" అన్నది. ఎక్కిరింపుగ అనలే. తెలిసిన పని గనుక చెప్పింది.

చావిడిల అధికారి మమ్ముల వరుసగ పిలిచి అడిగిండు. గుమాస్తా ఉర్దూల రాసుకున్నడు. మాపటికి ఒక కాయిదం ముంగట పెట్టి వేలిముద్ర వెయ్యమన్నరు.

"దీంట్ల ఏం రాసిండ్రు?" అని అడిగిన.

"మీరు చెప్పిందే."

"అయితే తెలుగుల రాయండ్రి. చదివి ఈళ్లకు చెప్త, అప్పుడు వేస్తరు."

"తెలుగుల రాసే రివాజు లేదు" అన్నడు గుమాస్తా.

"చదవలేనిదాని కింద వేలు పెట్టే రివాజు మాకు గూడ లేదు."

ఆ కాయిదం వేలిముద్రలు లేకుండనే పోయింది.

దానికి మేం మూల్యం కట్టినం. పటేలు ఊరంత తిరిగి, మా వాడోళ్లను కూలికి పిలువొద్దని చెప్పిండు. పల్లికాయ పీకే కాలంల మాకు ఒక్క చేను దొరకలే. వనపర్తి దిక్కు నడుచుకుంట పోయి, తెల్వని ఊర్లల్ల పని అడుక్కున్నం. మేం తిరిగొచ్చే సరికి ప్రార్థన గుడిసె కప్పు పీకేసి ఉన్నది. మట్టిగోడలు మాత్రం మిగిలినయి. మా మగోళ్లల్ల ఇద్దరు ముగ్గురు, "ఆడోళ్ల మాట విని ఆగమైనం" అన్నరు. అది నిజం కాదని నేను అనలేకపోయిన. మరునాడు ఆ గోడల నడుమనే, ఎండలనే, బడి పెట్టిన. పిల్లలు తక్కువ వచ్చిండ్రు. పెద్ద ఆడోళ్లు మాత్రం ఒక్కరు తగ్గలే.

వాగు కాడ జరిగింది నేను రాసి పంపినంక, చలికాలంల వకీలు సాబ్ కబురు పంపిండు: మన సవాల్ మళ్ల వస్తుంది, చూడనీకె రాండ్రి అని. అత్త, నేను జడ్చర్ల దాక మోటరుల పోయి, ఆడ రైలెక్కినం. సభ భవనం తలుపు కాడ జవాను మమ్ముల ఆపిండు. మా చీరలు చూసి, కాళ్లు చూసి, "ఎవరి మనుషులు మీరు? లోపల ఏం పని?" అన్నడు. నేను వకీలు సాబ్ పంపిన చీటీ వెతుకుతున్న.

"లోపల అడిగే సవాల్ మాది" అన్నది అత్త.

నాకు చీటీ దొరికింది, లోపలికి పోయినం.

మీద వరండా అసొంటి జాగల కుర్చీలున్నయి. వకీలు సాబ్ మనిషి మా పక్కన కూసొని చెవుల తెలుగుల చెప్తుండె. మంత్రి లేచిండు. పెద్ద వయసు, సన్నటి గొంతు. "ఈయననా?" అన్నది అత్త. ఇంత పెద్ద మాట అన్నోడు కొంచెం పెద్దగ ఉంటడని అనుకున్నదేమో.

మంత్రి చెప్పింది ఇది: ఆ ఊరి ప్రజలు మర్యాద తెలిసినోళ్లు. వచ్చిన అతిథుల సామాను ప్రేమతోని మోస్తరు. దాన్ని వెట్టి అనరాదు.

అత్త చెయ్యి నా చేతిని పట్టుకున్నది. ఎంత గట్టిగ అంటె గాజు పలిగింది.

వకీలు సాబ్ లేచిండు. "తహఖీఖాత్‌కు పోయిన అధికారి సామాను వాగుల కెల్లి చావిడి దాక ఎవరు మోసిండ్రు?"

"నా కాడ ఆ సమాచారం లేదు."

"నా కాడ ఉన్నది. పోలీసు పటేలు మోసిండు. ప్రేమతోనే మోసిండా, హుకుం మీద మోసిండా, మంత్రిగారు కనుక్కొని చెప్తరా?"

సభల నవ్వులు లేచినయి. మంత్రి వెంట కూసున్నోళ్లు గూడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నరు. మంత్రి కాయిదాలు తిరగేసిండు. కూలి ఇయ్యకుండ ఎవరితోని మోయించొద్దని చావిడి చావిడికి హుకుం పంపిస్తమన్నడు.

"తెలుగుల పంపిస్తరా?" అని అడిగిండు వకీలు సాబ్.

"తెలుగుల గూడ పంపిస్తం."

ఆ కాయిదం రెండు నెలలకు వచ్చింది. పటేలు దాన్ని చావిడి దూలానికి, ఎవరికీ అందనంత ఎత్తున అంటించిండు. నేను కట్టెల మోపు మీద నిలబడి వాడంతకు వినపడేటట్టు చదివిన. మా ఊర్ల మళ్ల ఎవ్వరి మంచం మేం మోయలే. పక్క ఊర్ల మాత్రం మోసుడు ఆగలే. అందుకే ఆ ఏడు నేను రాసిన కాయిదాలకు లెక్క లేదు. గద్వాల దిక్కు, గట్టుకు అవతలికెల్లి గూడ మనుషులు అడుగుకుంట వచ్చిండ్రు. సగం కాయిదాలకు జవాబే రాలే.

ఒకసారి ఆ కాయిదాలు ఇయ్యనీకె అత్తా, నేను నాగర్‌కర్నూల్ పోయినం. వకీలు సాబ్ ఖుషీగ ఉండె. "ఇంకేం సవాల్ ఉన్నదమ్మా?" అని అత్తను అడిగిండు.

"నిన్ను మెంబరు ఎవరు చేసిండ్రు సార్?" అన్నది ఆమె.

"వకీళ్లం అందరం కలిసి ఎన్నుకుంటిమి."

"మమ్ముల ఎవరన్న అడిగిండ్రా?"

ఆయన నవ్విండు. "మీకు ఓటు లేదు గదమ్మా."

"ఎందుకు లేదో అడుగు. మంత్రిని నిలబెట్టి అడుగు."

వకీలు సాబ్ నవ్వు ఆపిండు. కళ్లద్దాలు తీసి తుడిచిండు. "అది అడిగితె, అందరికి ఓటు ఇచ్చినంక నేను ఇంటికి పోవాల్సొస్తదేమో" అన్నడు మెల్లగ.

"పో మరి" అన్నది మా అత్త.

ఆయనకు కోపం రాలే. కాయిదం, కలం నా ముంగటికి జరిపిండు. నేను ఆ సవాల్ రాసుడు మొదలుపెట్టిన.