ఒక్క వేలితో చూపించు

పెద్దమ్మ ఉన్నన్నాళ్లూ ఆ పళ్ల ఆసుపత్రి బోర్డు మీద పేరు డాక్టరమ్మదే, లోపల చెల్లే మాట మాత్రం పెద్దమ్మది. ఆవిడ డాక్టరమ్మకు తల్లి తరఫు పెద్దమ్మ. ఆ పిలుపే వచ్చేపోయే వాళ్లందరి నోటా పడింది. పనిముట్లు ఉడకబెట్టడం, రోగి మెడకు గుడ్డ కట్టడం, దీపం సరిచేయడం ఆవిడ పని. ఎవరూ అప్పగించని పని ఇంకొకటుండేది: "ఏదీ, నొప్పి ఎక్కడో ఒక్క వేలితో చూపించు" అని అడగడం.

ఒక ఉదయం బ్యాండులో బాకా వాయించే మనిషి చెంప పట్టుకుని వచ్చాడు.

"రెండు రోజులుగా కంటి మీద కునుకు లేదు. పై కోరపన్నే. పీకెయ్యండి!"

"ఒక్క వేలితో చూపించు."

అతను కోరపన్ను మీద వేలు పెట్టబోయి, ముక్కు పక్కకు జరిపి, చివరకు అరచేత్తో కుడి చెంపంతా తుడిచాడు.

డాక్టరమ్మ ఎక్స్‌రే తీసింది. వేరు శుభ్రంగా ఉంది. పన్ను తట్టి చూస్తే అతను ఉలకలేదు.

"పన్ను లోపలి గుజ్జు వాచిందేమో" అంటూ, పీకడానికి మత్తు సూదిమందు అందుకోబోయింది.

"పళ్లూడగొట్టుకోవడానికి ఏ రాయైతేనేం, కానివ్వండి!"

"రాయి మా దగ్గరుంది బాబూ, పన్నే ఇంకా దొరకలేదు" అంది పెద్దమ్మ. "అది పోతే బాకా దేనికి ఆనిస్తావు? పిల్లల బుడగలు ఊదుకుంటూ కూర్చోవాలి."

"బాకా సంగతి దేవుడెరుగు, ముందు నన్ను బతకనివ్వమ్మా!"

"పెద్దమ్మా, డాక్టర్ని నేనా, నువ్వా?"

"నువ్వే తల్లీ. పంటి నొప్పయితే ఎక్కడో ఒకచోట వేలు ఆగుతుంది. ఇతని వేలు ఆగలేదు. ఒక్కరోజు చూడు."

మాత్రలిచ్చి పంపారు. అతను తిట్టుకుంటూ వెళ్లాడు. ఆ పూట పెద్దమ్మకు ముద్ద దిగలేదు. తన మాట తప్పయితే ఒక మనిషిని ఊరికే ఏడిపించినట్టే కదా.

మర్నాడు అతను ముఖానికి తువ్వాలు చుట్టుకుని వచ్చాడు. విప్పితే కుడి చెంప మీదా, పెదవి పైనా నీటి పొక్కులు. గీత గీసినట్టు ముఖం నడిమధ్య ఆగిపోయాయి.

"చిన్నప్పుడు చికెన్‌పాక్స్ వచ్చిందా?" అడిగింది డాక్టరమ్మ.

"వచ్చింది."

"ఆ వైరస్ పోలేదు. నరం మొదట్లో ముసుగుతన్ని పడుకుంది. ఇప్పుడు లేచింది. ఆ నొప్పి దానిదే, పంటిది కాదు."

"నన్నడక్కుండా నా మొహంలో ఇన్నేళ్లు కాపురమా!"

డాక్టరమ్మ మందులు రాసి, ఉన్నమాట చెప్పింది. ఆ నరం పాయలే పంటి గుజ్జులోకీ పోతాయి. వైరస్ అక్కడా చేరితే గుజ్జు వాచి, చడీచప్పుడు లేకుండా చచ్చిపోవచ్చు. వేరు కూడా కరగొచ్చు. అరుదే, కానీ మూడు నెలలాగితే గానీ పన్ను దక్కిందో లేదో తేలదు.

పొక్కులు మాడిపోయాయి, నొప్పి తగ్గింది. అతను బాకా కూడా అందుకున్నాడు. పెద్దమ్మ మాత్రం నెలలు లెక్కపెడుతూనే ఉంది.

ఆ రోజు రానే వచ్చింది. చల్లటి మందులో ముంచిన దూదిని పెద్దమ్మే అందించింది. డాక్టరమ్మ దాన్ని కోరపన్నుకు ఆనించింది. గుజ్జు బతికుంటే జివ్వుమనాలి. అతను తాపీగా పైకప్పు చూస్తున్నాడు. ఒకటి, రెండు...

"అమ్మోయ్!" అంటూ అతను కుర్చీలోంచి ఎగిరాడు.

పెద్దమ్మ పకపకా నవ్వింది.

"నేను అరిస్తే అంత సంతోషమేంటమ్మా?"

"బాబ్బాబూ, ఇంకొక్కసారి అరవవూ" అంది, కళ్లు తుడుచుకుంటూ.