పరదేశపు సైన్యం కోసం తిరుత్తణి మెట్లు

ఇంటర్నెట్ గంటల లెక్కన అద్దెకు దొరికే ఆ రోజుల్లో, ఒంటరితనానికి మందు ఎక్కడో చాలా దూరంలో ఉంటుందని నేను గట్టిగా నమ్మేవాణ్ణి. తిరుత్తణిలోని మా ఇంట్లో మగ్గం చప్పుడే తప్ప మాట వినపడేది కాదు. నాయన నేస్తూ మాట్లాడడు, అమ్మ కండెలు చుడుతూ మాట్లాడదు. కాలేజీ తిరువళ్ళూరులో. తోటివాళ్ళంతా గుంపుగా బస్సులో వచ్చి గుంపుగా పోయేవాళ్ళు. నేను రైల్లో ఒక్కణ్ణే వచ్చి, ప్లాట్‌ఫారం చివరి బెంచీ మీద ఒక్కణ్ణే పెరుగన్నం తిని, ఒక్కణ్ణే తిరిగి వెళ్ళేవాణ్ణి. (పూర్తిగా ఒక్కణ్ణే అనడం అబద్ధమవుతుంది. ఒక కుక్క వచ్చేది. పెరుగన్నం అయిపోగానే అదీ వెళ్ళిపోయేది.)

ఒక మధ్యాహ్నం బ్రౌజింగ్ సెంటర్లో ఏదో వెతుకుతుంటే పరదేశపు సైనిక అకాడమీ పేజీ ఒకటి తెరుచుకుంది. ఇతర దేశాల విద్యార్థులను కూడా చేర్చుకుంటారట. అక్కడొక ఫోటో. పొడవాటి బల్ల, దాని చుట్టూ ఒకే రకం బట్టల్లో నా ఈడువాళ్ళు భోంచేస్తున్నారు. ఒకడేదో చెబుతున్నాడు, మిగతావాళ్ళు నవ్వుతున్నారు. అంతే, నేను మనసులో ఆ బల్ల దగ్గర కూర్చుండిపోయాను. రేపు యుద్ధమొస్తే ఎవరి తరఫున పోరాడాలి అనే చిన్న సందేహం కూడా నాకు రాలేదు. ఆ పూటే దరఖాస్తు పంపేశాను.

దేహదారుఢ్య పరీక్షలో పరుగు ఉంది. మోకాళ్ళ మీద కూర్చుని బంతిని దూరంగా విసరడమూ ఉంది. పరుగుకు మా ఊళ్ళో గుడి కొండ మెట్లను మించిన చోటు లేదు. బంతి లేదు గానీ, కొబ్బరికాయలకు కొదవలేని ఊరు మాది. తెల్లవారుజామునే మెట్లన్నీ పరిగెత్తి ఎక్కి, మంటపం దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని కొబ్బరికాయ విసిరి, పొదల్లో దాన్ని వెతుక్కుని, మళ్ళీ విసిరేవాణ్ణి. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

ఆ ఏడు అక్క మా ఇంట్లోనే ఉంది. కడుపులో బిడ్డ నిలవలేదు. కే.జీ.కండిగైలోని అత్తగారింటి నుంచి వచ్చి, కిటికీ పక్కన కూర్చుని ఉండిపోయేది. బావ ఆదివారాలు వచ్చి, నాయనతో వానల గురించి మాట్లాడి వెళ్ళేవాడు.

ఒక పొద్దున నేను మోకాళ్ళ మీద ఉండగా, చిత్తూరు వైపు నుంచి దర్శనానికొచ్చిన ఒక అవ్వ నా ముందు ఆగింది. "ఏం నాయనా, మోకాళ్ళ మింద కూర్చోనుండావు. ఏం వేండుదల?" అంది. (మా వైపు మొక్కుకు అదే మాట.) పరాయి సైన్యంలో చేరడానికి అని ఆ అవ్వకు ఎలా చెప్పను? నోటికి అందిన మాట అనేశాను. "మా అక్కకి బిడ్డల్లేరు అవ్వా." అవ్వ కళ్ళు తుడుచుకుని నా నుదుటి నిండా విభూతి పూసింది. పక్కనే కూర్చుని పూలమ్మే ఆమె మా అమ్మకు బాగా తెలిసినావిడ. నేను ఇల్లు చేరేలోపే నా మొక్కు ఇల్లు చేరిపోయింది.

"నోరు తెరిచి చెప్పడు గానీ, కడుపులో ఎంత పెట్టుకోనుండాడో చూడు నా కొడుకు," అని అమ్మ నాయన మగ్గాన్నే ఆపించింది. మొక్కులో ఉన్నవాడికి నీచు తగలకూడదు కాబట్టి, కండల కోసం నేను తింటున్న గుడ్లు ఆ రోజుతో బందయ్యాయి. పరుపు పోయి చాప వచ్చింది. మర్నాడు చీకటితోనే అక్క తయారై వాకిట్లో నిలబడింది. "నాకోసరం నువ్వొక్కడివే ఎందుకెక్కాల? నేనూ వస్తా పద."

అక్క మెల్లగా ఎక్కేది. నాకేమో పరుగు కావాలి. పైదాకా ఉరికి, మళ్ళీ తన దగ్గరికి దిగి, మళ్ళీ ఉరికేవాణ్ణి.

"పైకి పోయి పోయి మళ్ళా ఎందుకు దిగొస్తావురా?"

"ఎన్నితూర్లు ఎక్కితే అంత మంచిదంటక్కా."

కిటికీ పక్కన నోరు విప్పని మనిషి మెట్ల మీద మాట్లాడటం మొదలుపెట్టింది. అత్తగారి సణుగుడు, పాలివ్వని ఆవు, పుట్టని బిడ్డ కోసం తను కుట్టిన చొక్కా. "మబ్బు ఉరిమితే మీ బావ మంచం కింద దూరతాడురా, యాడా చెప్పొద్దు," అని ఒకరోజు నవ్వింది. నేను ఊఁ కొడుతూ నా ఊపిరి లెక్కపెట్టుకునేవాణ్ణి.

కొన్నాళ్ళకు అకాడమీ జవాబు వచ్చింది, చాలా మర్యాదగా. ఇతర దేశాల విద్యార్థులను వారి ప్రభుత్వమే ఎంపిక చేసి పంపాలి, సొంతంగా పెట్టుకున్న దరఖాస్తులు చూడరు. ఆ సంగతి ఫోటో కిందే రాసి ఉంది. నేను ఫోటో దాటి చదవలేదు.

మర్నాడు కాలు నొప్పి అని ముసుగు తన్నాను. అక్క పక్కన కూర్చుని దుప్పటి సరిచేసింది. "పండుకో. పట్టిన వేండుదల నడాన ఇడిస్తే నీకు కీడు. నీ బదులు నేనెక్కుతాలే." మొక్కులు తీర్చుకునే ఆడికృత్తిక పండగ దాకా రోజూ ఒక్కతే ఎక్కింది. తలుపు చప్పుడు నాకు వినపడేది. అమ్మ నొప్పిలేని నా కాలికి ఆముదం రాసేది. నేను రాయించుకునేవాణ్ణి.

ఆ తర్వాత రెండేళ్ళకు మేనకోడలు పుట్టింది. "మామ మెట్లెక్కి తెచ్చిన బిడ్డ" అన్నారు. బావ నాకు పట్టుపంచె పెట్టాడు. ప్రతి శుభకార్యంలోనూ నేను తల వంచుకుని కూర్చుంటే, ఎంత వినయమో అనుకునేవారు. ఈమధ్య మేనకోడలికి పెళ్ళి కుదిరింది. పాండూరు నుంచి వచ్చిన వియ్యాలవారికి బావ ఆ కథ మొత్తం, గుడ్లు మానేయడంతో సహా, చెప్పాడు. ఇక నావల్ల కాలేదు.

మొదటి శుభలేఖ స్వామి ముందు పెట్టడానికి అక్కా నేనూ వెళ్ళాం. కారు పైదాకా పోతుంది, అయినా అక్క మెట్లదారే అంది. మంటపం దగ్గర కూర్చోబెట్టి, అకాడమీ ఫోటో మొదలు ఆముదం దాకా అంతా చెప్పేశాను. "ఎక్కిందంతా నువ్వే అక్కా," అన్నాను.

మొక్కు సంగతి అడుగుతుందనుకున్నాను.

"అంటే, మమ్మల్ని ఇడిసి పోదామనుకుంటివా?"

"ఇంట్లో ఎవురూ మాట్లాడేటోళ్ళు లేకనే అక్కా."

"నేనుంటి గదరా," అంది. కోపంగా కాదు. ఏదో వస్తువు పక్కనే పెట్టుకుని ఇల్లంతా వెతికినవాడితో అన్నట్టు. మళ్ళీ తనే, "సరే, ఆడికి పోయుంటే మాత్రం ఎవురితో మాట్లాడుతుంటివి?" అని అడిగింది.

భోజనాల బల్ల దగ్గర నలుగురి కోసం సముద్రాలు దాటబోయిన ఆ కుర్రవాడికి ఈ ప్రశ్న ఒక్కసారీ తట్టలేదు. వాణ్ణి తలుచుకుంటే నవ్వొచ్చింది. అక్క నా జవాబు కోసం ఆగలేదు. మోకాలు పట్టుకుని లేచి, పెళ్ళిలో బావ లడ్లు తినకుండా ఎవరు కాపలా కాయాలో చెబుతూ మెట్లెక్కసాగింది. నేను తన పక్కనే, తన అడుగుకు అడుగు వేస్తూ, అంతా విన్నాను.