చక్రం వెనక రాయి

ఒక సాయంత్రం రోడ్డు మీద వదిలేసిన రాయిని ఇన్నేళ్లూ మోస్తూనే ఉన్నాను. పొరపాటు అని ముద్దుగా అననక్కర్లేదు. అది వెధవ పని. చేసింది నేను. ఇంట్లో కూడా చెప్పలేదు, మీకు చెబుతున్నాను.

ఎనభైల్లో మాచర్ల నుంచి లారీలో నాపరాళ్లు తోలేవాణ్ని. హ్యాండ్‌బ్రేకు పనిచేసేది కాదు. ఓనరు వచ్చే నెల, వచ్చే నెల అనేవాడు. అందుకని ఎత్తులో ఆపితే ఫస్టు గేరులో ఉంచి, వెనక చక్రానికి రాయి అడ్డం పెట్టేవాళ్లం. బండి కదలగానే క్లీనరు ఆ రాయి తీసి అవతల పారేసి, పరుగెత్తుకొచ్చి ఎక్కాలి. రాయి వదిలేసి పోయినవాణ్ని డ్రైవర్లమంతా తల్లితో సహా తిట్టేవాళ్లం.

ఆ రోజు క్లీనరు జ్వరమని రాలేదు. మా ఊరు నకరికల్లు రెండు మైళ్లుందనగా, ఎత్తులో రేడియేటరు మరిగింది. ఆపి, రాయి పెట్టి, నీళ్లు పోసి, మళ్లీ కదిలాను. సన్న రోడ్డు. రాయి నడిమధ్యన ఉండిపోవడం అద్దంలో కనిపించింది. హ్యాండ్‌బ్రేకు లేని బండిని ఎత్తులో వదిలి ఎలా దిగను? కానీ పైన అంతా చదునే కదా. అక్కడ ఆపి వెనక్కి నడవొద్దని ఓనరు చెప్పాడా? ఆకలేస్తోందని పోయాను.

పైన మస్తాన్ సైకిలు మీద ఎదురొచ్చాడు. మా వీధి దర్జీ. కుట్టిన బట్టలు పక్క ఊరికి ఇవ్వడానికి వెళ్తున్నాడు. చెయ్యెత్తాడు. నేను హారన్ కొట్టాను. కింద రాయుందని చెప్పడానికి నోరు పడిపోయిందా నాకు?

మసక చీకట్లో పల్లానికి వేగంగా దిగుతూ రాయికి కొట్టుకున్నాడు. కుడి మోకాలు చితికింది. మళ్లీ వంగలేదు. మిషను తొక్కి బతికేవాడికి.

మర్నాడు ఆస్పత్రికి వెళ్లాను.

"ఎవుడో లారీవోడు రాయి నడిరోడ్డున వదిలేసి పోయాడన్నా."

"ఎవుడ్రా వాడు? దొరికితే కాళ్లిరగ్గొట్టాలి నా కొడుకుని."

"కాళ్లెందుకులే అన్నా. ఒక్క నిమిషం బండాపితే చాలుగా."

ఆ దారిలో అతనికి ఎదురైన లారీ నాదొక్కటే. తెలిసే అన్నాడా? అడిగే దమ్ము నాకు లేదు. పైగా అతని మీదే కోపమొచ్చింది. ఒక్క తిట్టు తిట్టి ఉంటే నా చెంప నేనే వాయించుకుని అక్కడే ఒప్పుకునేవాణ్నని సర్దిచెప్పుకున్నాను. అబద్ధం. ఒప్పుకునేవాణ్ని కాదు. ఆ తర్వాత టీకొట్టు దగ్గర రాళ్లు తీయని డ్రైవర్ల మీద అందరికంటే గట్టిగా అరిచింది నేనే. జాగ్రత్త నన్ను చూసి నేర్చుకోమని కొత్తవాళ్లకు చెప్పేవారు. విని ఊరుకున్నాను, సిగ్గులేకుండా.

ఇప్పటికీ చొక్కాలు అతని దగ్గరే కుట్టిస్తాను. కుడి కాలు చాపుకుని, ఎడమ కాలొక్కదానితో మిషను తొక్కుతూ "రా అన్నా, కూచో" అంటాడు. కూర్చుంటాను. ఇది అతనికి చెప్పాల్సింది, మీకు కాదు. అదీ తెలుసు. అయినా ఒక్కసారి నా నోటితో నేను అనాలి.

ఆ రాయి నాది. అద్దంలో చూశాను.