అరువు గొంతు గిస్లాన్

పారిస్ శివారు మోంత్రేయ్‌లో రొట్టెల కొట్టుకి వెళ్ళినప్పుడల్లా గిస్లాన్ మోబేర్‌కి ఇదే తంటా. నోరు విప్పకుండా వేలితో చూపించినంతసేపూ ఆయన ఎవరికీ పట్టని ముసలాయన. "ఒక బగెత్ ఇవ్వమ్మా, బాగా కాలింది" అన్నాడా, వరుసలో ఉన్నవాళ్ళంతా గిరుక్కున తిరుగుతారు.

"అరె, డేల్ హారిగన్!" అంటుంది ఎవరో ఒకామె. "ఏదీ, 'తుపాకీ కింద పెట్టు' అని ఒక్కసారి అనండి, మా ఆయన వింటాడు!"

ఆయన అంటాడు. అనకపోతే పొగరంటారు. రొట్టె చంకలో పెట్టుకుని ఇల్లు చేరేసరికి ప్రాణం ఉసూరుమంటుంది.

హారిగన్ అమెరికా హీరో. గిస్లాన్ ఆయన్ని ఎన్నడూ కలవలేదు. అమియాన్ నుంచి కుర్రతనంలో నటుడవుదామని పారిస్ వచ్చినవాడికి తెర మీద దక్కినవి ఏమిటయ్యా అంటే కాఫీ కొట్టులో సర్వరు, వానలో పోలీసు, రెండుసార్లు శవం. శవం వేషం బాగా కుదిరిందని మెచ్చుకున్నారు కూడా. తిండి గడవాలి కనుక డబ్బింగుకి వెళ్ళాడు. చీకటి గదిలో అడ్డకడ్డీ పట్టుకుని నిలబడితే ఎదురుగా బొమ్మ, బొమ్మ కింద మాటలు పరుగెడుతుంటాయి. మాట వచ్చి తెర మీది నిలువు గీతకి తగలగానే పలకాలి. మాటే కాదు, తెర మీదవాడు ఊపిరి పీలిస్తే పీల్చాలి, దగ్గితే దగ్గాలి, నిట్టూరిస్తే నిట్టూర్చాలి.

అక్కడ దక్కిన మొదటి పని హారిగన్‌కి ఫ్రెంచిలో గొంతివ్వడం; అప్పట్లో హారిగన్ కూడా అనామకుడే. తర్వాత ఆకాశానికెక్కాడు. డబ్బింగు వాళ్ళ రివాజు ఒకటుంది: ఒక నటుడికి మొదట అతుక్కున్న గొంతే చివరిదాకా ఉండాలి, మారిస్తే జనం ఊరుకోరు. అలా గిస్లాన్ జీవితమంతా ఇంకొకడి ఊపిరి పీల్చాడు. ఇంట్లో భార్య జోసియాన్ మాత్రం ఆ పప్పులు ఉడకనిచ్చేది కాదు. సూప్ అద్భుతంగా ఉందని ఆయన గంభీరంగా అంటే, "ఆ హీరో గొంతు నా దగ్గర వద్దు. ఉప్పు తగ్గితే తగ్గిందని చెప్పు" అనేది.

ఆయనకి ఒకటే కోరిక మిగిలింది. ఒక్కసారి తన ముఖంతో, తన గొంతుతో జనం ముందు నిలబడాలి. జుట్టంతా నెరిశాక ఆ అదృష్టం తలుపు తట్టింది. మాయెల్ కెర్దోంకుఫ్ అనే కొత్త దర్శకురాలు పాత టీవీ సినిమాలో సర్వరు ముఖం చూసి, ఈ ముఖమే కావాలని వెతుక్కుంటూ వచ్చింది. భార్య మంచాన పడ్డ కాలువగేట్ల కాపలాదారు వేషం. వాజ్ నది ఒడ్డున చలిలో, బురదలో నిలబడి మోకాళ్ళు పట్టేసినా గిస్లాన్ ఒక్క మాట అనలేదు.

సినిమా విడుదలకి ముందు రూవాన్‌లో కొంతమందికి వేసి చూపించారు. కాపలాదారు భార్య మంచం పక్కన నిలబడి "ఇక పడుకో, నేనున్నాను" అన్నాడు. హాలంతా గొల్లున నవ్వింది. "తుపాకీ తియ్యి, హారిగన్!" అని వెనక నుంచి ఎవడో అరిచాడు కూడా.

బయట మాయెల్ ఆయన్ని పక్కకి తీసుకెళ్ళింది. "గిస్లాన్ గారూ, మరోలా అనుకోకండి. మీ గొంతు తీసేసి ఇంకొకరి చేత చెప్పించాలి."

"అది నా గొంతేనమ్మా."

"నాకు తెలుసండీ. హాల్లో వాళ్ళకి తెలీదు కదా."

అన్యాయం ఎవరిది అంటే ఎవరిదని చెప్పను? పిల్ల చెప్పింది నిజమే. అదే మరీ మండిస్తుంది. ఆయన బతిమాలుకున్నాడు, కొత్త గొంతేదో తనే పట్టుకొస్తానని.

సేంతువాన్‌లో స్టూడియో. డబ్బింగు నడిపించేది ఓదీల్ ప్రిజాన్, ఆయన్ని కుర్రప్పట్నించీ ఎరిగిన మనిషి. గిస్లాన్ కడ్డీ పట్టుకున్నాడు. ఎదురుగా తెర మీద తన ముఖమే. గొంతు తగ్గించి చెప్పాడు.

"ఎవరయ్యా ఇది? జలుబు చేసిన పాదిరీలా ఉన్నాడు" అంది ఓదీల్.

గొంతు గరగరలాడించాడు.

"ఇప్పుడేమో తాగొచ్చిన జాలరి."

ఆమె నవ్వించబోయింది, ఆయనకి నవ్వు రాలేదు. మధ్యాహ్నం దాటేసరికి గొంతు పూర్తిగా పోయింది. కుర్చీలో కూలబడ్డాడు.

"నా దగ్గర ఇంకో గొంతు లేదు ఓదీల్. ఉన్నదొక్కటే. అది ఆ హారిగన్‌గాడికిచ్చేశాను. ఫిర్మాన్‌ని పిలిపించు."

ఫిర్మాన్ లకాజ్ తోటి డబ్బింగు నటుడు, మెతకవాడు. వచ్చి గుమ్మంలోనే ఆగిపోయాడు. "నీ ముఖానికి నేను చెప్పడమేంటి అన్నా? నా వల్ల కాదు."

"రావయ్యా. చెత్తగా చేశావో, చూసుకో మరి. ఒక్కటి మాత్రం విను. మాటలు నీవి. మాటకి ముందు ఊపిరి, దగ్గు, నిట్టూర్పు, వాటి జోలికి వెళ్ళకు. అవి అక్కడ కాలువ దగ్గర నేను పీల్చినవి."

ఓదీల్ తల అడ్డంగా ఊపింది. "ఊపిరి ఒకరిది, మాట ఒకరిది ఎప్పుడన్నా చేశామా? అతుకు కనబడిపోద్దయ్యా."

"కనబడనీ."

ఆమె ఆయన ముఖం చూసి, మైకు ఫిర్మాన్ వైపు తిప్పింది.

బుధవారం సినిమా విడుదలైంది. మోంత్రేయ్ హాల్లో పగటి ఆటకి సగం కుర్చీలు ఖాళీ. "ఇక పడుకో, నేనున్నాను" అంది తెర మీద ముఖం, ఫిర్మాన్ గొంతుతో. ఎవరూ నవ్వలేదు. ముందు వరుసలో ఒక పెద్దావిడ కళ్ళు తుడుచుకుంది. గిస్లాన్‌కి కడుపు రగిలింది. ఆ కన్నీళ్ళు తనకి రావలసినవి. ఫిర్మాన్ బాగానే చెప్పాడు, వాడి పుణ్యమా అని సినిమా నిలబడింది, అయినా రగిలింది.

అంతలో కాపలాదారు మంచం పక్కన కుర్చీలోకి ఒరిగి నిట్టూర్చాడు.

పక్క కుర్చీలో ఉన్న జోసియాన్ ఆయన చొక్కా చెయ్యి పట్టుకుని లాగింది. "అదిగో, అది నువ్వే."

"ఎలా తెలిసింది?"

"నాకు తెలీకపోవడమేంటి? పడుకోబోతూ బూట్లు విప్పేటప్పుడు రోజూ అలాగే అంటావుగా."

ఆయన కుర్చీలో ఆమె వైపు ఒరిగాడు.

"ఇంకా ఉన్నాయా అలాంటివి?" అంది ఆమె గుసగుసగా.

"చివర్లో ఒకటుంది."

ఇద్దరూ దానికోసం ఎదురుచూశారు.